గోటి కొసన మోదుగ పూలు

మాఘ శుద్ధ పంచమి నాడు ఖరగ్‌పూర్ పసుపు రంగు కట్టుకుంటుంది. సరస్వతీ పూజకు బడికో కాలేజీకో బయల్దేరే ఆడపిల్లల చీరలన్నీ వాసంతి రంగే. పండగ బెంగాలీలదే అయినా, ఆ చీరల వరసలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువారికి ఈ ఊరి వసంతం రెండు పంచాంగాల మీద నడుస్తుంది. సరస్వతీ పూజతో మొదలై, ఫాల్గుణ పున్నమి నాటి డోల్ రంగులు దాటి, ఉగాది పచ్చడితో గానీ అది పూర్తి కాదు. రెండు నెలల్లోపే మూడు పండగలు, మూడు రంగులు.

చీర మార్చినంత తేలిగ్గా చేతులు మారవు. డ్యూటీకి పంపాల్సిన క్యారేజీ, తోమాల్సిన గిన్నెలు, ఉతకాల్సిన బట్టలు ఈ మధ్యలో ఉండనే ఉంటాయి. ముందు రోజు రాత్రి ముచ్చటపడి వేసుకున్న నెయిల్ పాలిష్ మర్నాటి మధ్యాహ్నానికే పెచ్చులూడితే డబ్బూ పోయింది, సరదా కూడా పోయింది. కాబట్టి రంగు ఎంచుకునేటప్పుడు కళ్లకు నచ్చడమే కాదు, చేతి పనికి తట్టుకోవడమూ చూడాలి.

పసుపుకు విరుగుడు పసుపే

వసంతం అనగానే పత్రికలు చూపించే లేత గులాబీ, లేత నీలం, పాలమీగడ రంగులు పసుపు పట్టని చేతులకు చెల్లుతాయి. కూర కలిపే చేతికి, అన్నం కలిపే వేళ్లకు అవి నిలవవు. పసుపులోని కుర్కుమిన్ లేత రంగు పాలిష్‌లోకి ఇంకి మాసినట్టు చేస్తుంది. దీనికి సులువైన ఉపాయం మరకను దాచే రంగును ఎంచుకోవడం. సరస్వతీ పూజకు నిమ్మపండు రంగు కన్నా ఆవపూల రంగు, ముదురు పసుపు మేలు. చామనఛాయ చేతుల మీద ఇవే నిండుగా కనిపిస్తాయి కూడా. పసుపు రంగు పాలిష్ సాధారణంగా చారలు చారలుగా పడుతుంది. అందుకని ముందు తెల్లరంగు ఒక పూత వేసి, అది ఆరాక పసుపు రెండు పలుచని పూతలు వేయాలి.

ఇంకొంచెం ముచ్చట కావాలంటే ఎర్ర అంచు తెల్ల చీరను గోళ్ల మీదికి తీసుకురావచ్చు. గోటి కొసను తెల్లగా దిద్దే ఫ్రెంచ్ మానిక్యూర్ 1970ల్లో అమెరికాలో పుట్టింది. దానికి సినిమా తారల అవసరాలు కారణం. ఏ రంగు దుస్తులు వేసినా గోళ్లు నప్పాలన్నది అక్కడి లెక్క. అదే పద్ధతిలో గోరంతా మీగడ తెలుపు వేసి, కొసన సన్నగా ఎరుపు దిద్దితే అది అచ్చం బెంగాలీ పండగ చీర. గీత వంకర పోకుండా సెల్లో టేపు ముక్క అడ్డం పెట్టుకుంటే చాలు.

కొమ్మ మీది పువ్వు, కాలి మీది లత్తుక

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పశ్చిమ మేదినీపూర్ ఎర్రమట్టి నేలల్లో మోదుగ పూస్తుంది. ఆకు లేని కొమ్మ నిండా నారింజ ఎరుపు. ఆ పువ్వును పరికించి చూస్తే రేకుల అడుగున మఖమల్ లాంటి నలుపు కనిపిస్తుంది. గోటికి ఇంతకన్నా మంచి నమూనా ఉండదు. గోరంతా నారింజ ఎరుపు వేసి, మొదట్లో అర్ధచంద్రాకారంలో ముదురు గోధుమ రంగు దిద్దితే సరి. మొదట్లో చంద్రవంక వదిలే పద్ధతి 1930ల్లో పాశ్చాత్య దేశాల్లో పెద్ద ఫ్యాషన్.

లక్క పురుగు పెరిగే చెట్లలో మోదుగ ఒకటి. ఆ లక్క నుంచి వచ్చిన ఎరుపే లత్తుక. బెంగాలీలు ఆల్తా అంటారు. తెలుగు ఇళ్లలో పసుపు, సున్నం కలిపి చేసే పారాణి దానికి అక్కచెల్లెలు. ఇప్పుడు సీసాల్లో దొరికే ఆల్తాలో ఎక్కువగా ఉండేది కృత్రిమ రంగే. పూజ నాడు కాళ్లకు ఆల్తా పెట్టుకునేవారు కాలిగోళ్లకు మరో రంగు వెతకనక్కర్లేదు. అదే ఎరుపు వేస్తే మెట్టెల వెండి తళుక్కుమంటుంది. ముందు పాలిష్ వేసి, బాగా ఆరాకే ఆల్తా పెట్టాలి. తడి ఆల్తా గోటి అంచుల్లోకి పాకితే ఓ పట్టాన వదలదు.

డోల్ నాటి కవచం

హోలీ రంగు చర్మం మీద కన్నా గోటి మీద ఎక్కువ రోజులుంటుంది. చర్మం పైపొర కొన్ని వారాల్లో రాలిపోతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొదట్లో పడ్డ మరక కొసకు చేరి కత్తెరకు అందడానికి అయిదారు నెలలు పట్టవచ్చు. గోరింటాకు గోటి మీద అంతకాలం నిలిచేదీ అందుకే. కాబట్టి డోల్ ముందు రాత్రి బేస్ కోటు, దానిమీద ముదురు రంగు రెండు పూతలు వేసుకోండి. గోటి కిందా చుట్టూ కొబ్బరినూనె రాయండి. ఆటయ్యాక రిమూవర్‌తో తుడిస్తే పాలిష్‌తో పాటు మరకా పోతుంది.

ఉగాదికి మళ్లీ తేలిక రంగులు. మామిడి చిగురు లేత ఆకుపచ్చ వేసి, ఉంగరపు వేలి మీద మాత్రం వేపపూతలా తెల్లటి చుక్కలు అయిదారు పెడితే చాలు. చుక్కలకు ప్రత్యేకమైన సాధనం అక్కర్లేదు. టూత్‌పిక్ మొన సరిపోతుంది.

నిలవాలంటే

పార్లర్లలో ముందు చేతులను గోరువెచ్చని నీళ్లలో నానబెడతారు. హాయిగా ఉంటుంది కానీ గోరు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఆరాక ముడుచుకుంటుంది. దాంతో మీది రంగు పగులుతుంది. ఇంట్లో వేసుకునేవారు పొడి గోళ్ల మీదే వేయడం మంచిది. రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక, గోళ్లను రిమూవర్‌తో ఓసారి తుడిచి, బేస్ కోటు, రెండు పలుచని పూతలు, టాప్ కోటు వేయాలి. గోటి కొస అంచుకూ కుంచె తాకించాలి. పెచ్చు అక్కడి నుంచే మొదలవుతుంది. పాలిష్, రిమూవర్ రెండూ ఇట్టే అంటుకునే ద్రవాలు. రెండు గదుల క్వార్టర్‌లో వంటింటి పొయ్యికి దూరంగా, కిటికీ తీసి వేసుకోండి.

గోటి మొదట్లోని పలుచని చర్మాన్ని కత్తిరించవద్దు. అది సూక్ష్మజీవులు లోపలికి పోకుండా వేసిన బిరడా. పండగ ముందు గోరుచుట్టు లేస్తే, దాని మీద రోకటి పోటు వేరే అక్కర్లేదు.

జెల్ పాలిష్ రెండు, మూడు వారాలు మెరుస్తుంది. గిన్నెలకు, సబ్బుకు తట్టుకుంటుంది. అయితే పెచ్చు లేచినప్పుడు గిల్లి లాగితే గోటి పొర కూడా ఊడి వస్తుంది. గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ వస్తుంది. జెల్‌ను గట్టిపరిచే టీపీఓ అనే రసాయనాన్ని ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. వేయించుకునే ముందు సీసా మీది వివరాలు అడిగి చూడటంలో మొహమాటం అక్కర్లేదు. గోల్ బజార్‌లో మామూలు పాలిష్ కొన్నా తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని సీసాను పక్కన పెట్టేయండి.

రంగు వద్దనాల్సిన చేతులూ ఉన్నాయి. ఆసుపత్రుల్లో రోగులను తాకే సిబ్బంది కృత్రిమ గోళ్లు పెట్టుకోకూడదని, సొంత గోళ్ల కొస అర సెంటీమీటరు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్‌కు వెళ్లేవారు రంగు తీసేయాలి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ లెక్క ముదురు నీలం, నలుపు రంగుల వల్ల తప్పవచ్చు. పైగా రక్తహీనత గోటి పాలిపోవడంలో కనిపిస్తుంది. ఏడాది పొడవునా రంగు కింద ఉండే గోరు ఆ కబురు చెప్పలేదు.

అందుకే మూడు పండగల మధ్య గోళ్లకు వారం చొప్పున విరామమివ్వండి. రాత్రి పడుకోబోయే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె మర్దన చేయండి. రంగు లేని ఆ వారంలో వెలుతురులో ఒకసారి గోళ్లను చూసుకోండి. పాలిపోయినా, ఒక్క వేలి మీదే కొత్తగా నల్లగీత కనిపించినా పార్లర్‌కు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.