"ఏం తింటారమ్మా?" అని అడగడం మానేద్దాం

ఇల్లు అద్దెకిచ్చే ముందు మన ఆడవాళ్ళు అడిగే ప్రశ్నల్లో ఒకటంటే నాకు ఒళ్ళుమంట. "ఏం తింటారమ్మా?" అన్నది. వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో! కడుపు చూసి అడుగుతున్నట్టే ఉంటుంది. కానీ దాని అసలు అర్థం "మీరెవరు?" అని. కులం పేరు నోటితో అడగడానికి మొహమాటపడేవాళ్ళు కూరగిన్నె మూత తీసి చూస్తారు, అంతే.

మేముండేది తార్నాకలో. ఒకపక్క ఉస్మానియా, ఇంకోపక్క ఇఫ్లూ, హబ్సిగూడ దాకా పరిశోధన సంస్థలు. ఇక్కడ చాలా ఇళ్ళు విద్యార్థుల అద్దెల మీద నడుస్తాయి. పై పోర్షను అద్దె డబ్బులతో కూతురి పెళ్ళి చేసినవాళ్ళున్నారు, అప్పు తీర్చుకున్నవాళ్ళున్నారు. అయినా గేటుకి వేలాడే టు లెట్ బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కనపడుతుంది: "ఓన్లీ వెజ్". ఆ బోర్డు రాయించేది మగవాళ్ళే కావచ్చు. అమలు చేసేది మాత్రం మనమే. మెట్ల మీద నిలబడి వాసన పట్టేది మనమే.

పోయిన నవంబర్లో జరిగింది చెప్తాను. మా ఆడపడుచు కూతురు ఇక్కడే పీజీ చదువుతోంది. ఇంకో ముగ్గురమ్మాయిలతో కలిసి రెండు గదుల పోర్షను తీసుకుంది. ఒకమ్మాయిది నాగాలాండ్, ఒకమ్మాయిది కేరళ, మూడో అమ్మాయి వరంగల్ వైపు ఎరుకల వాళ్ళ పిల్ల. నలుగురి మాటా వేరు, దేవుడూ వేరే. ఆ నలుగురినీ కలిపింది, నవ్వకండి, బేకన్. "అత్తా, పంది మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి పొగ పట్టిస్తారు" అని నాకు వివరించింది మా పిల్ల. అంటే మన ఒరుగులకి దూరపు చుట్టమన్నమాట. మన పల్లెల్లో మాంసాన్ని తునకలు చేసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టుకోలేదా? ఫ్రిజ్ లేని రోజుల్లో లోకంలో అందరికీ తోచిన ఉపాయమే అది.

సాహిత్యం చదివే పిల్లలు కదా, అమెరికా వాళ్ళ థాంక్స్‌గివింగ్ గురించి పుస్తకాల్లో చదివారు, సినిమాల్లో చూశారు. నవంబర్ నాలుగో గురువారం తమ గదిలోనే చేసుకుందామనుకున్నారు. టర్కీ కోడి ఎక్కడ దొరుకుతుంది? బేకన్ వేయించుకున్నారు, పప్పుచారు పెట్టుకున్నారు, అన్నం వండుకున్నారు. తినేముందు ఒక్కొక్కరూ ఈ ఏడాది ఎవరికి రుణపడ్డారో చెప్పుకున్నారట. నాగాలాండ్ పిల్ల, తనకి డెంగీ వచ్చినప్పుడు వారం రోజులు గంజి కాచి పోసిన ఎరుకల పిల్లకి చెప్పుకుంది. మర్నాడు పొద్దున్నే ఇంటావిడ పైకొచ్చింది. "పిల్లలు మంచోళ్ళే గానీ, ఆ కంపు మేం భరించలేం. నెలాఖరుకి ఖాళీ చేయండి" అంది. మాట్లాడదామని నేను వెళ్ళినా వినలేదు. సామానంతా పదిహేను రోజులు మా ముందుగదిలో ఉంది. నలుగురికీ కలిపి ఇల్లు దొరకలేదు. ఇప్పుడు ఇద్దరొకచోట, ఇద్దరొకచోట ఉంటున్నారు.

ఆ ఇంటావిడ కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ప్రతి నవంబర్లోనూ ఆ ఇంట్లో థాంక్స్‌గివింగ్ ఫొటోలు ఫోనుల్లో తిరుగుతాయి. పెద్ద బల్ల, మధ్యలో కాల్చిన కోడి, పక్కన పంది మాంసం, చుట్టూ తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మన వాళ్ళూ. "మావాడు అందరితో ఎంత కలిసిపోయాడో చూడండి" అని మురిసిపోతూ అందరికీ చూపిస్తారు. అదే పండుగ, అదే పదార్థం. డాలస్‌లో తింటే కలుపుగోలుతనం, తార్నాకలో తింటే కంపు. ఎందుకని? అక్కడ తినేవాడు మన కొడుకు. ఇక్కడ తినేది ఎరుకల పిల్ల, నాగా పిల్ల.

థాంక్స్‌గివింగ్ మచ్చలేని పండుగని నేననను. 1863లో లింకన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. ఆ నేల అసలు వారసులైన ఆదివాసులు కొందరు 1970 నుంచి అదే రోజున సంతాపం పాటిస్తున్నారు. పైగా కృతజ్ఞత చెప్పుకోవడం ఒకరి దగ్గర అరువు తెచ్చుకోవాల్సిందీ కాదు. మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో కృతజ్ఞతా కూడికలున్నాయి, చర్చిల్లో కోత పండుగలున్నాయి. ఆ పిల్లలు తెచ్చుకున్నది పండుగ పేరు మాత్రమే. లోపలున్నది స్నేహం.

ఇక మనవాళ్ళ అభ్యంతరాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది వాసన. ఎండుచేపలు వేయిస్తే రెండు వీధులకి తెలుస్తుంది. ఇంగువ తాలింపుకి, అలవాటు లేనివాళ్ళకి కడుపులో తిప్పుతుంది. మనది ఘుమఘుమ, ఎదుటివాళ్ళది కంపు. ముక్కు ఎవరిదైనా ముక్కే. దానికి ఆ తేడా నేర్పింది మనం.

రెండోది ఆరోగ్యం. "పంది తింటే మెదడులోకి పురుగులొస్తాయి" అని ఆ ఇంటావిడ నాతో కూడా అంది. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు పెరగొచ్చు, నిజమే. కానీ మెదడులో తిత్తులు కట్టేది ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోయినప్పుడు. ఆ గుడ్లు మనిషి మలం నుంచి, శుభ్రంగా కడగని ఆకుకూరల ద్వారా, నీళ్ళ ద్వారా వస్తాయి. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్ళకీ ఆ జబ్బు వస్తోంది. బేకన్ లాంటి నిల్వ మాంసాలు రోజూ తినడం మంచిది కాదని, అవి క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం 2015లో చెప్పింది. ఆ సంగతి మా పిల్లకి నేనే చెప్పాను, ఎప్పుడైనా ఒకసారి తినండి, అలవాటు చేసుకోకండి అని. అది పెద్దవాళ్ళు చెప్పాల్సిన జాగ్రత్త. ఇల్లు ఖాళీ చేయించడానికి సాకు కాదు. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1958లో కూనూరు నుంచి ఇక్కడికొచ్చింది. 2017లో వాళ్ళు 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక వేశారు. అందులో కందిపప్పుంది, గోంగూర ఉంది, పంది మాంసమూ ఉంది. అన్నీ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉన్నాయి. మన అపార్ట్‌మెంట్లలోనే ఉండలేకపోతున్నాయి.

మూడోది మన సంప్రదాయం. నేను చదివింది తెలుగు బీఏ, నాకు తెలిసింది చెప్తాను. శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు మనం కన్నప్పకి దణ్ణం పెట్టుకుంటాం. వేటగాడైన ఆ తిన్నడు శివుడికి ఏం పెట్టాడు? అడవిపంది మాంసం కాల్చి, రుచి చూసి మరీ పెట్టాడని తమిళుల పెరియపురాణం చెప్తుంది. మన ధూర్జటి కూడా ఆ తిన్నడి భక్తిని కావ్యంలో ఎత్తుకున్నాడు. దేవుడు ఎంగిలి మాంసం పుచ్చుకుని మోక్షమిచ్చాడంటే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనం, ఆ పదార్థమే పై పోర్షనులో వండితే నోటీసిస్తాం. పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని పిల్లలకి గొప్పగా చెప్తాం. చాప మాత్రం మన ఇంట్లో పరవం.

నాలుగోది "మా ఇల్లు మా ఇష్టం". ఇక్కడ ఒక గీత గీసుకుందాం. నేను పంది మాంసం తినను, తినాలనీ లేదు. శనివారం మా ఇంట్లో నీసు ముట్టం. నా పొయ్యి మీద వండొద్దని చెప్పే హక్కు నాకుంది, దాన్ని ఎవరూ తప్పుపట్టక్కర్లేదు. కానీ నెలనెలా అద్దె తీసుకుని ఇచ్చేసిన వంటగది నాది కాదు. ఆ పొయ్యి వాళ్ళది, ఆ గిన్నె వాళ్ళది. 2017లో వ్యక్తిగత గోప్యత మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జస్టిస్ చలమేశ్వర్ గారు, ఏం తినాలో ఏం కట్టుకోవాలో ప్రభుత్వం చెప్తే ఎవరికీ నచ్చదన్న అర్థం వచ్చేలా రాశారు. ప్రభుత్వం చెప్తేనే నచ్చనిది ఇంటి ఓనరు చెప్తే నచ్చుతుందా? చట్టం మన గుమ్మం దాకా రాకపోవచ్చు. మన మనసు రావాలి కదా.

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా" అనేవాళ్ళకి ఒక్క మాట. ఇది చిన్నది కాదని ఈ క్యాంపస్ చూసింది. 2012 ఏప్రిల్లో, అంబేడ్కర్ జయంతి మర్నాడు, ఉస్మానియాలో కొందరు విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేశారు. తమ ఇళ్ళలో తినేది హాస్టల్ మెస్సులోనూ ఉండాలన్నది వాళ్ళ కోరిక. ఆ రాత్రి రాళ్ళు పడ్డాయి, బాష్పవాయువు కొట్టారు, ఒక విద్యార్థిని కత్తితో పొడిచారు. 2015 డిసెంబర్లో మళ్ళీ చేస్తామంటే, పోటీగా పంది మాంసం పండుగ చేస్తామని ఇంకొందరు ప్రకటించారు. కోర్టు ఆపింది, క్యాంపస్ నిండా పోలీసులు దిగారు. ఎవరి పక్షం మీకు నచ్చినా ఒక్కటి ఆలోచించండి. అన్నం ముద్దని జెండాలా ఎత్తిపట్టుకోవాల్సిన అవసరం ఎవరికొస్తుంది? మామూలు రోజుల్లో మామూలు బల్ల మీద పక్కన చోటు దొరకనివాళ్ళకే. అటు గొడ్డు మాంసం, ఇటు పంది మాంసం పట్టుకుని ఒకరినొకరు రెచ్చగొట్టుకునే చోట, నలుగురాడపిల్లలు తలుపేసుకుని ప్రేమగా పంచుకు తిన్నారు. పట్నమంతా పోలీసుల్ని పెట్టి సాధించలేనిది వాళ్ళు ఒక మూకుడుతో సాధించారు. వాళ్ళని మనం విడగొట్టాం.

సహపంక్తి భోజనాలతోనే కులం పోదని 1936లోనే అంబేడ్కర్ రాశారు. నిజమే. కలిసి తినడం మొదటి మెట్టే. మనం ఆ మెట్టు మీద కూడా చీపురు పట్టుకుని కాపలా కాస్తున్నాం.

అందుకని అక్కలారా, చెల్లెళ్ళారా, నేనడిగేవి మూడే. అద్దెకొచ్చిన పిల్లల్ని ఊరడగండి, చదువడగండి, నెలనెలా అద్దె కడతారా అనడగండి, తిండి మాత్రం అడగొద్దు. మీ గేటు మీద "ఓన్లీ వెజ్" అనుంటే, మీ ఆయన్ని అడగకుండానే తీసేయండి. రాయించేటప్పుడు మిమ్మల్నేమైనా అడిగారా? మూడోది, మీ అమ్మాయి స్నేహితురాళ్ళని భోజనానికి పిలుస్తానంటే, వాళ్ళెవరని అడక్కుండా ఎంతమందని అడగండి. బియ్యం ఎన్ని పోయాలో తెలియాలి కదా.