ఎవరి పాలు ఎంత?

పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు తూర్పుగా, వనువాటు అను చిన్న దేశము కలదు. సుమారు ఎనుబది దీవుల సముదాయమది. జనసంఖ్య మూడు లక్షలకు కొంచెము మించును. అనగా ఆంధ్రదేశములోని ఒక మోస్తరు పట్టణపు జనాభాకు సరిపోవును. 1980 వరకు ఆ దీవులను బ్రిటన్, ఫ్రాన్సు దేశములు ఉమ్మడిగా పాలించినవి. అచట బొగ్గు గనులు లేవు. చెప్పుకొనదగిన కర్మాగారములు లేవు. ప్రజలలో అధికులు చేమ, పెండలము, కొబ్బరి పండించుకొనుచు, చేపలు పట్టుకొనుచు జీవించువారు. 2015 మార్చి నెలలో ‘పామ్’ అను పేరుగల తుపాను ఆ దీవులపై విరుచుకొనిపడెను. దానివలన కలిగిన నష్టము, ఆ దేశము ఒక సంవత్సరమున సంపాదించు మొత్తములో నూటికి అరువది పాళ్లను మించినది. అయిదేండ్లు గడచెనో లేదో, 2020 ఏప్రిల్ నెలలో ‘హెరాల్డ్’ అను మరియొక పెనుతుపాను వచ్చి, నిలిపిన ఇండ్లను మరల నేలగూల్చెను.

ఈ రెండు తుపానుల నడుమ, 2019లో, ఆ దేశపు రాజధానియగు పోర్ట్ విలాలో ఒక విశేషము జరిగెను. అచట దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విభాగమున వివిధ దీవులనుండి వచ్చిన 27 మంది విద్యార్థులు చదువుచుండిరి. ఒకని పశువు పొరుగువాని చేనిలోబడి పైరు మేసినచో, ఏ దేశపు న్యాయస్థానమైనను పశువు యజమానిని పిలిచి అడుగును. మరి, ఒక దేశము మండించిన బొగ్గువలన వేల మైళ్ల దూరముననున్న మరియొక దేశము మునిగిపోవుచున్నచో అడుగువారెవరు? ఈ ప్రశ్నను ప్రపంచపు అత్యున్నత న్యాయస్థానమున పెట్టవలసినదని ఆ విద్యార్థులు పసిఫిక్ దీవుల నాయకులకు లేఖలు వ్రాసిరి. చిన్నవారి మాట యని వనువాటు ప్రభుత్వము త్రోసివేయలేదు. నాలుగేండ్లు దేశదేశములను అర్థించి, 2023 మార్చి 29వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ చేత ఆ కోరికను ఏకగ్రీవముగా అంగీకరింపజేసెను. వ్యాజ్యము హేగ్ నగరమునందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు చేరెను.

న్యాయస్థానము చెప్పినది తెలిసికొనుటకు ముందు, అసలు నేరమేదో తెలిసికొనవలయును.

బొగ్గును, కిరసనాయిలును, పెట్రోలును మండించినపుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, పుట్టును. భూమినుండి వెలువడు వేడిమిని ఈ వాయువు ఆకాశమునకు పోనీయక కొంత పట్టియుంచును. ఈ గుణమే లేనిచో భూమి గడ్డకట్టియుండెడిది. కావున ఇది స్వతస్సిద్ధముగా చెడ్డది కాదు, మితిమీరుటయే చెడ్డది. ఆవిరియంత్రముల కాలమునకు పూర్వము గాలిలో ఇది పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు ఉండెడిది. 1958లో చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతముపై దీనిని ప్రతిదినము కొలుచుట ప్రారంభించునప్పటికి 315 పాళ్లుండెను. ఇప్పుడు 420 పాళ్లను దాటినది.

ఇందులో ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి యున్నది. పొయ్యిమీది పొగ రెండు గడియలలో చెదరిపోవును. ఈ వాయువు అట్లు చెదరదు. విడుదలయైన దానిలో సుమారు సగము సముద్రములు, వృక్షములు, నేల పీల్చుకొనగా, తక్కినది గాలిలో నిలిచిపోవును. అందులో కొంత భాగము వందల ఏండ్లు, కొంత వేల ఏండ్లు ఉండును. అనగా విక్టోరియా రాణి కాలమున మాంచెస్టరు మిల్లులలో మండిన బొగ్గు తాలూకు వాయువు కొంత నేటికిని భూమిని వేడిచేయుచునే యున్నది. కావున ఈ యేడు ఎవరు ఎంత పొగ విడిచిరని మాత్రమే అడుగుట, అప్పులపుస్తకములో చివరి పుట మాత్రమే చూచి తగవు తీర్చుట వంటిది.

పుస్తకమంతయు తిరుగవేసినచో కనిపించునది వేరు. 1750 మొదలు నేటివరకు మానవజాతి ఇంధనములను మండించి విడిచిన ఈ వాయువు 1,70,000 కోట్ల టన్నులను మించును. అందులో సుమారు నాలుగవ వంతు అమెరికా సంయుక్త రాష్ట్రములదే. ఐరోపా సమాఖ్య దేశములది సుమారు ఆరవ వంతు. చైనాది నూటికి పదునైదు పాళ్ల ప్రాంతము. 140 కోట్ల జనముగల భారతదేశపు పాలు నూటికి మూడున్నర. ఏడు కోట్లకు లోపు జనముగల ఒక్క బ్రిటన్ పాలు అంతకంటె ఎక్కువ. వనువాటు పాలు ఈ లెక్కలో కంటికి ఆనదు.

తిలాపాపము తలా పిడికెడు అని తెలుగువారి సామెత. సంపన్న దేశముల ప్రతినిధులు సభలలో చేయు ఉపన్యాసముల సారము తరచుగా ఇదే: భూమి అందరిది, పొగ అందరిది, బాధ్యతయు అందరిది. వినుటకు సొంపుగానే యున్నది. కాని అందరి పిడికిళ్లును ఒక్కటి కావు గదా!

దీనికి వారు చెప్పు సమాధానము మరియొకటి కలదు. ఆనాటివారికి ఈ సంగతి తెలియదు. తాతలు తెలియక చేసినదానికి మనుమలను నిందించుట తగునా యని. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయితే 1896లోనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ ఈ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని గణించి చూపెను. మొత్తము విడుదలలో సగమునకు పైగా, ఈ సంగతి లోకమంతటికి బాగుగా తెలిసిన గడచిన నలుబది ఏండ్లలోనే జరిగినది. తెలియని కాలమును విడిచిపెట్టినను, న్యాయమొకటి మిగులును. తాత కట్టించిన మేడను, కూడబెట్టిన పొలమును మనుమడు అనుభవించుచు, తాత చేసిన బాకీ మాత్రము తనది కాదనినచో ఏ గ్రామపెద్దయు ఒప్పుకొనడు. ఆ రైలుమార్గములు, ఓడరేవులు, విశ్వవిద్యాలయములు ఆ బొగ్గుతోనే లేచినవి. వానిని నేటికిని వారే అనుభవించుచున్నారు.

ఈ న్యాయమును వారు అసలే అంగీకరింపలేదనుట సరికాదు. 1992లో రియో నగరమున కుదిరిన ఒడంబడికలో, బాధ్యత ఉమ్మడిది, కాని తారతమ్యముతో కూడినది అను సూత్రమును అన్ని దేశములు ఒప్పుకొన్నవి. చిక్కంతయు ఆచరణలో వచ్చినది. 1997 నాటి క్యోటో ఒప్పందమును అమెరికా తుదివరకు ధ్రువపరుపలేదు. 2015 నాటి పారిస్ ఒప్పందమునుండి ఆ దేశము 2020లో వైదొలగి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మరల వైదొలగుటకు నిశ్చయించెను. నష్టపోయిన పేదదేశములకు తోడ్పడుటకు ఒక నిధి నేర్పరుపవలెనని 2022లో ఈజిప్టున నిర్ణయించిరి. అందు చేరిన ధనము అవసరముతో పోల్చినచో అత్యల్పము. ఇక బ్రిటన్ విషయమున ఒక మంచిమాటయు చెప్పవలయును. 1882లో లండనులో బొగ్గుతో విద్యుత్తు తీయు కేంద్రమును నెలకొల్పిన ఆ దేశము, 2024 సెప్టెంబరు 30వ తేదీన తన చివరి బొగ్గు విద్యుత్కేంద్రమును మూసివేసెను.

ఇంతవరకు చదివిన భారతీయ విద్యార్థికి కొంత ఊరట కలుగవచ్చును. అంతటితో పుస్తకము మూసివేయరాదు. ఏటేటి విడుదలను మాత్రము చూచినచో చైనా మొదటి స్థానమున, అమెరికా రెండవ స్థానమున, భారతదేశము మూడవ స్థానమున ఉన్నవి. తలకు ఇంతయని పంచినపుడు అమెరికా పౌరునికి సంవత్సరమునకు సుమారు 14 టన్నులు, చైనా పౌరునికి 8 టన్నులు, భారతీయునికి 2 టన్నులు వచ్చును. ఈ రెండు టన్నుల లెక్కయే భారత ప్రతినిధులకు సభలలో పెట్టనికోట. అది అబద్ధము కాదు. కాని సగటు అనునది ఒక విచిత్రమైన ముసుగు. గదిగదికి శీతలయంత్రము, ఇంటికి రెండు కార్లు గల నగరవాసియు, చితుకులు ఏరుకొని వచ్చి అన్నము వండుకొను అడవిపల్లె స్త్రీయు ఆ సగటులో ఒక్కటే. ఆమె పేదరికమును చూపి దేశము సభలలో మినహాయింపు కోరుచున్నది. కోరుట న్యాయమే, అయితే ఆ మినహాయింపుతో మండిన బొగ్గు వెలుగు మొదట ఆమె ఇంటికి చేరవలయును. నగరవాసి వాడుక ఆమె పేర పద్దు వ్రాయుట, సంపన్న దేశములు చేసిన పనినే ఇంటిలో చేయుట యగును.

భారతదేశమున బొగ్గు ఉత్పత్తి 2024–25లో 100 కోట్ల టన్నులు దాటినది. అందులో తెలుగునేలపాలును కలదు. సింగరేణి గనులనుండి ఏటా సుమారు 7 కోట్ల టన్నులు వెలువడుచున్నవి. ఆ గనులపై వేలాది కుటుంబములు బ్రతుకుచున్నవి; రేపే మూయుమనుట మాట తెలియనితనము. 2070 నాటికి విడుదలను, పీల్చుకొనుటను సరిసమానము చేయుదుమని భారతదేశము 2021లో గ్లాస్గో నగరమున ప్రకటించెను. విద్యుత్కేంద్రముల మొత్తము సామర్థ్యములో సగము సూర్యుడు, గాలి, నీరు, అణుశక్తి మొదలగు వానిది కావలెనను లక్ష్యమును 2025లోనే చేరుకొనెను. ఇది మెచ్చదగిన పని. ఐనను, 2024లో నిజముగా ఉత్పత్తియైన విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గునుండి వచ్చినదే. సూర్యుడు అస్తమించిన పిమ్మట దీపము వెలుగుటకు విద్యుత్తును నిలువచేయు ఏర్పాట్లు ఇంకను చాలలేదు.

2024 డిసెంబరులో హేగ్ నగరమున విచారణ జరిగెను. తొంబదికి పైగా దేశములు తమ వాదమును వినిపించినవి. ఆ న్యాయస్థాన చరిత్రలో అన్ని దేశములు ఒక్క వ్యాజ్యమున పాల్గొనుట అదే మొదటిసారి. హాని చేయుటలో తారతమ్యమున్నప్పుడు బాధ్యతలోను తారతమ్యముండవలెనని భారతదేశము వాదించెను. అది సబబైన వాదము. అయితే ఇదివరకటి ఒడంబడికలను మించి క్రొత్త బాధ్యతలను కల్పింపవలదని కూడ కోరెను. ఈ రెండవ మాటలో అమెరికా, చైనా దేశముల కోరికయు ఇంచుమించు ఇదే. చిన్న దీవులు ఒకవైపు నిలిచియుండగా, భారతదేశము ఈ పెద్దల వరుసలో నిలుచుట దాని పూర్వపు పేరునకు తగినట్లు లేదు.

2025 జూలై 23వ తేదీన పదునైదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తమ అభిప్రాయమును ప్రకటించిరి. వాతావరణమును కాపాడుట దేశముల దయాదాక్షిణ్యములపై ఆధారపడిన పని కాదు, అంతర్జాతీయ న్యాయము విధించిన కర్తవ్యము. ఒడంబడికలో లేని దేశమునకును ఇది తప్పదు. కర్తవ్యమును మీరిన దేశము ఆ పనిని మానవలెను. దాని వలననే హాని కలిగినదని నిరూపితమైనచో నష్టపరిహారమును ఈయవలసి రావచ్చును. ప్రభుత్వములు తామై చేసినది మాత్రమే కాక, వ్యాపారసంస్థలను అదుపు చేయకుండుట, బొగ్గు చమురుల వెలికితీతకు అనుమతులిచ్చుట, వానికి రాయితీలిచ్చుట కూడ తప్పిదము కావచ్చును. అభిప్రాయము సలహారూపమైనది, దానిని బలవంతముగా అమలుపరచు భటులు లేరు. కాని ఇకమీదట ఏ దేశపు న్యాయస్థానమున ఇట్టి వ్యాజ్యము వచ్చినను న్యాయవాదులు దీనిని చేతబట్టుకొని నిలువగలరు. హేగ్ నగరమున తీర్పు విన్నవారిలో, 2019లో పోర్ట్ విలా తరగతిగదినుండి లేఖలు వ్రాసిన ఆ యువకుల ప్రతినిధులును ఉండిరి.