ఏటిగట్టు మరమ్మతు ఎవరిని అడిగి చేయాలి?

గోదావరి డెల్టాలో ఏటిగట్టు రెండు పనులు చేస్తుంది. వరద వచ్చినప్పుడు ఊళ్ళకు అడ్డుగా నిలుస్తుంది, మిగతా ఏడాదంతా ఊళ్ళకు దారిగా ఉంటుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంబడి బడికి వెళ్ళే పిల్లలు, కొబ్బరికాయలు మోసుకెళ్ళే ట్రాక్టర్లు, రేవుకు దిగే పశువులు, లంక పొలాలకు పోయే కౌలు రైతులు, పడవ దిగి సంతకు వచ్చే లంక గ్రామాలవాళ్ళు, పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్ళు అందరూ ఆ గట్టు మీదే తిరుగుతారు. జలవనరుల శాఖ అంచనాల్లో మాత్రం మొదటి పని ఒక్కటే కనిపిస్తుంది. పైమట్టం ఎంత ఉండాలి, వాలు ఎంత ఉండాలి, ఎన్ని ఘనపు మీటర్ల మట్టి పోయాలి, ఎన్ని మీటర్ల రివిట్‌మెంట్ వేయాలి అన్న లెక్కలుంటాయి. ఆ గట్టును ఎవరు, ఎక్కడ, దేనికోసం దాటుతున్నారన్న లెక్క ఉండదు. ఈ రెండో లెక్క తెలియకుండా చేసిన మరమ్మతు మొదటి పనికీ పూర్తిగా పనికిరాదన్నది నా వాదన. గట్టు మీద నడిచేవాళ్ళను అడగడాన్ని మర్యాదకు చేసే పనిగా అధికారులు చూస్తున్నారు. దాన్ని సర్వేలో భాగంగా చూడాలి.

వరదల చరిత్ర ఈ వాదనకు కొంత ఆధారమిస్తుంది. ధవళేశ్వరం దగ్గర 1953 ఆగస్టులో 30 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1986 ఆగస్టులో 35.06 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఇప్పటికీ అదే రికార్డు. 1986లో గట్లు తెగాయంటే నీరు అంతెత్తున వచ్చింది కాబట్టేనని సరిపెట్టుకోవచ్చు. కానీ 2006 ఆగస్టు వరద దానికన్నా ఆరు లక్షల క్యూసెక్కులకు పైగా తక్కువ. అయినా కోనసీమలో శానపల్లిలంక, మొండెపులంకల దగ్గర గండ్లు పడి ఊళ్ళు మునిగాయి. 2022 జులైలో వచ్చింది సుమారు 25.8 లక్షల క్యూసెక్కులే. అప్పుడూ పలుచోట్ల గట్లు జారాయి, ఊటలు పుట్టాయి, ఊరివాళ్ళు రాత్రంతా ఇసుక బస్తాలతో కాపలా కాశారు. ప్రవాహం ఒక ఒడ్డును ఒరుసుకుంటూ పోవడం, ఏటిలో మేట వేయడం వంటి కారణాలు ఇందులో లేవని నేననడం లేదు. కానీ ఎత్తు ఒక్కటే గట్టును కాపాడేదైతే వరద పరిమాణానికీ గండ్లకూ ఇంతకన్నా సూటి సంబంధం కనిపించాలి. గట్టు ఎక్కడికక్కడ తెగుతుంది. కిలోమీటర్ల పొడవున బలంగా ఉన్న కట్ట, ఒక్కచోట అడుగు కుంగి ఉంటే అక్కడే పొర్లుతుంది. ఎలుక బొరియ, కుళ్ళిన చెట్టు వేరు, పాత తూము పక్కన వదులైన మట్టి, వాన నీరు కోసిన గాడి వంటివి మామూలు రోజుల్లో ఎవరి కంటా పడవు. వరద నీరు రోజుల తరబడి గట్టును ఆనుకుని నిలిచినప్పుడు అవే బుంగలవుతాయి. బుంగ పెద్దదై లోపలి మట్టి కొట్టుకుపోతే ఎత్తు ఎంతున్నా లాభం లేదు.

ఇలాంటి బలహీనతల్లో కొన్ని ప్రకృతి వల్ల వచ్చేవి. మనిషి అవసరం వల్ల వచ్చేవి అంతకన్నా ఎక్కువన్నది నా అంచనా, మరమ్మతుల్లో అందరూ దాటేసే విషయమూ అదే. ఏటిగట్టును ఒక మీటరు ఎత్తు పెంచారనుకుందాం. దాంతో పాటే వాలు నిటారవుతుంది. అంతకు ముందు పశువులు దిగిన ఏటవాలు బాట మట్టి కింద పోతుంది. రేవుకు దిగే మెట్లు కప్పబడిపోతాయి. కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళాక పశువులు నీళ్ళకు వెళ్ళక మానవు, లంకలో పండిన కూరగాయలు గట్టు దాటక మానవు. మొదట ఎవరో పారతో నాలుగు మెట్లు కోస్తారు. తర్వాత ట్రాక్టరు చక్రాల గాడి పడుతుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి గట్టు పైమట్టంలో ఒక పల్లం తయారవుతుంది. వాన నీరంతా అటే పారి దాన్ని ఇంకా లోతు చేస్తుంది. ఇసుక ర్యాంపుల సంగతి ఇంకా దారుణం. ఏట్లోంచి ఇసుక తెచ్చే టిప్పర్ల కోసం గట్టును అడ్డంగా కోసి వదిలేసినచోట్ల, ఆ బరువుకు అంచులు కుంగినచోట్ల, గట్టు ఉందని కాగితం మీద రాసుకోవడమే తప్ప అక్కడ రక్షణ లేదు. వీటిని ‘గట్టు ధ్వంసం’ అనీ ‘ఆక్రమణ’ అనీ నోటీసుల్లో రాస్తారు. ఇసుక లారీల విషయంలో ఆ మాట న్యాయమే, వాటిపై కేసులు పెట్టాలి. పశువుల బాట కోసిన రైతుకూ అదే నోటీసు ఇస్తే సమస్య తీరదు, ఎందుకంటే అతనికి ఆ దారి కావాలి. గట్టు వాలు మీద అదనంగా మట్టి పోసి, పైమట్టాన్ని కోయకుండా, పొడవునా వాలుగా దిగే ర్యాంపు కట్టడం ఇంజినీర్లకు కొత్త పని కాదు. అది ఏ చోట కట్టాలన్నదే అసలు ప్రశ్న. రెండు వందల మీటర్లు అటు కడితే ఎవరూ వాడరు, పాతచోటనే మళ్ళీ కోస్తారు. ఆ చోటు ఊరికి తెలుసు, డ్రాయింగుకు తెలియదు.

ఊరివాళ్ళను గట్టు పనిలోకి పిలవడం ఈ డెల్టాలో కొత్తదేమీ కాదు. ఇన్నాళ్ళూ వాళ్ళను కండబలానికి పిలిచారు, మాట చెప్పడానికి పిలవలేదు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఒక చట్టం చేశారు. చెరువు కట్టకో ఏటిగట్టుకో గండి పడే ప్రమాదం వస్తే ఊళ్ళోని శ్రామికులను బలవంతంగానైనా పనికి పిలిచే అధికారం దానివల్ల ప్రభుత్వానికి వచ్చింది. కుడిమరమ్మతు పేరుతో ఊరు ఆనవాయితీగా చేసుకుంటున్న పనిని కూడా అదే చట్టం నిర్బంధం చేసింది. 1884లో మద్రాసు నదుల సంరక్షణ చట్టం వచ్చింది. ఒడ్డు మీద ఏం కట్టొచ్చు, ఏం నాటొచ్చు అన్నదానిపై కన్సర్వేటరుకు అధికారాలిచ్చింది. రెండింటిలోనూ ఊరు ఆజ్ఞలు అందుకునేదే. స్వాతంత్య్రం వచ్చాక ఈ స్థితి కాలువల విషయంలో మారింది. 1997లో ఆంధ్రప్రదేశ్ చేసిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది, దేశంలో అది పెద్ద ప్రయోగమే. ఆ సంఘాలు ఎంత బాగా పనిచేశాయన్నది వేరే చర్చ. 2024 డిసెంబరులో వాటికి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. అంటే పొలానికి నీరు తెచ్చే పంటబోదె బాగుచేయడంలో రైతుకు ఓటుంది. ఇల్లు మునగకుండా కాపాడే ఏటిగట్టు దగ్గరకు వచ్చేసరికి ఎవరికీ ఏ ఓటూ లేదు, ఎందుకంటే దానికి ఆయకట్టు లేదు. వరద రాత్రి మాత్రం 1858 నాటిలాగే బస్తాలు మోయడానికి ఊరంతా రావాలి. ఈ వ్యత్యాసాన్ని ఎవరూ సమర్థించలేరు.

గట్ల మీదే బతికే దేశం నెదర్లాండ్స్. అక్కడ నీటి బోర్డులు 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, వాటికి నేటికీ ఎన్నికలు జరుగుతాయి. అయినా 1970లలో వాల్ నది ఒడ్డున బ్రాకెల్ గ్రామంలో గట్టును పటిష్ఠం చేసే పేరుతో పాత ఇళ్ళను కూల్చేశారు. దాంతో నది వెంబడి ఊళ్ళలో నిరసనలు మొదలై, గట్ల పనులను సమీక్షించడానికి రెండుసార్లు సంఘాలు వేయాల్సి వచ్చింది. ఇక్కడే నా వాదనకు వ్యతిరేకంగా వాడదగ్గ బలమైన ఉదాహరణ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1993 డిసెంబరులో, మళ్ళీ 1995 జనవరిలో అక్కడి నదులు ప్రమాదకరంగా పొంగాయి. 1995లో సుమారు రెండున్నర లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. సంప్రదింపులంటూ ఇరవై ఏళ్ళు సాగదీసినందువల్లే గట్లు సిద్ధంగా లేవని అప్పుడు చాలామంది నిందించారు. ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి ప్రమాదకరమైన గట్లను హడావిడిగా బాగుచేసింది. అది తప్పని నేననను. మెడ మీదకు వచ్చినప్పుడు సభలు పెట్టి కూర్చోలేం. కానీ ఆ తర్వాత ఆ దేశం ఊళ్ళను పక్కన పెట్టే దారిలో కొనసాగలేదు. నదికి చోటిచ్చే కార్యక్రమం పేరుతో ముప్ఫైకి పైగా చోట్ల గట్లను వెనక్కి జరిపింది, పక్క కాలువలు తవ్వింది. వాటిలో ఓవర్‌డీప్‌సె పోల్డర్ అనే చోట పరిష్కారం రైతుల నుంచే వచ్చింది. తమ ఇళ్ళను, కొట్టాలను ఎత్తయిన మట్టి దిబ్బల మీదకు మార్చుకుంటామని, ఏటి వైపు గట్టును తగ్గించి పెద్ద వరదను తమ పొలాల మీదుగా పోనివ్వమని వాళ్ళే ప్రతిపాదించారు. 2015 నాటికి అది అమలైంది. గట్టును తగ్గించమని ఏ ఇంజినీరూ ఏ ఊరికీ ఆజ్ఞ ఇవ్వలేడు. ఊరు తనంతట తాను అంటేనే అది జరుగుతుంది.

మన డెల్టాలో అంత ఖాళీ స్థలం లేదు, అంత డబ్బూ లేదు, నిజమే. నేను ఆ పనిని ఇక్కడ దించమనడం లేదు, అడిగే పద్ధతిని అడుగుతున్నాను. దానికి మన దగ్గర వచ్చే మొదటి అభ్యంతరం సమయం. వరదలొచ్చేలోగా పని పూర్తి కావాలి, సభలు పెడుతూ కూర్చుంటే ఎలా అంటారు. క్యాలెండరు చూస్తే ఈ అభ్యంతరం నిలబడదు. గోదావరి వరదలు ప్రధానంగా జులై నుంచి సెప్టెంబరు దాకా, అప్పుడప్పుడు అక్టోబరులోనూ వస్తాయి. నవంబరుకల్లా నీరు తగ్గి దెబ్బలన్నీ బయటపడతాయి. ఆ తర్వాత అంచనాలు, మంజూరు, టెండర్లతో నెలలు గడుస్తాయి. పారతో మట్టి తీసే నాటికి వేసవి వచ్చేస్తుంది. అంటే అడగడానికి పనికొచ్చే కాలమంతా ఫైళ్ళు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగే కాలమే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులు చర్చించగలిగారు. ఏటి వెంబడి ఉన్న ఊళ్ళలో గట్టు కోసం డిసెంబరులో ఒక సభ పెట్టడం ఆ యంత్రాంగానికి భారం కాదు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఘాట్ల కోసం తీరం మీద భారీగా డబ్బు ఖర్చవుతుంది. పన్నెండు రోజుల పుష్కరానికి యాత్రికులు ఎటు నడుస్తారో లెక్క కట్టే శాఖలు, ఏడాది పొడవునా ఆ గట్టు మీద నడిచే ఊరిని లెక్కలోకి తీసుకోలేమని చెప్పడం కుదరదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఊరిని అడిగితే ఊరు తప్పుడు కోరికలు కోరుతుంది, గ్రామసభ అంటే నలుగురు పెద్దల మాటే, వాళ్ళలో ఇసుక వ్యాపారంతో సంబంధమున్నవాళ్ళూ ఉంటారు అంటారు. ఇందులో అబద్ధం లేదు. అందుకే ఏది అడగాలో, ఏది అడగకూడదో ముందే తేల్చాలి. గట్టు ఎత్తు ఎంత, మట్టిని ఎంత గట్టిగా దిమ్మిస చేయాలి, తూము ఎలా మూయాలి అన్నవి ఓటు వేసి తేల్చే విషయాలు కావు, అక్కడ ఇంజినీరుదే చివరి మాట. ఎక్కడ దాటుతారు, ఎక్కడ కుంగింది, పోయిన వరదలో బుంగ ఏ చెట్టు దగ్గర పుట్టింది, ఏ రేవు వాడుకలో ఉంది అన్నవి ఊరు చెప్పాల్సిన సమాచారం. సభలో కుర్చీలేసుకుని కూర్చుంటే పెద్దల మాటే వినిపిస్తుంది. సెక్షన్ ఇంజినీరు, లస్కరు, ఊరివాళ్ళు కలిసి గట్టు పొడవునా నడిస్తే రేవులో బట్టలుతికే ఆడవాళ్ళూ, వల ఆరేసే జాలర్లూ, కౌలు రైతులూ తమ చోటికి రాగానే మాట్లాడతారు. ఏ ర్యాంపు పశువులది, ఏది టిప్పర్లది అన్నది అక్కడ నిలబడితే ఎవరూ దాచలేరు. నడక పెద్దల పట్టును పూర్తిగా తీసేస్తుందని చెప్పను, తగ్గిస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది గట్టుకు అవతల ఉన్నవాళ్ళ సంగతి. లంక గ్రామాలు గట్టుకూ ఏటికీ మధ్య ఉంటాయి. గట్టు ఎత్తు పెంచితే లోపలివాళ్ళకు రక్షణ. అవతలివాళ్ళకు అది ఎక్కి దిగాల్సిన ఎత్తు మాత్రమే, వరద నీరు మాత్రం వాళ్ళ వైపే నిలుస్తుంది. పి.గన్నవరం మండలం చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే వరద వచ్చినప్పుడల్లా మునుగుతుంది, అప్పుడు పడవే దిక్కు. ఆ పడవ గట్టుకు ఎక్కడ ఆనుతుంది, గర్భిణిని, మంచాన పడిన ముసలివాళ్ళను గట్టు మీదకు ఎలా ఎక్కిస్తారు అన్నది మరమ్మతు డ్రాయింగులో ఉండాల్సిన వివరం. ఏటి కోతకు లంకలో ఇల్లు పోయి గట్టు వాలు మీదే గుడిసె వేసుకున్న కుటుంబాలదీ ఇదే కథ. వాళ్ళ గుడిసెలు గట్టుకు మంచివి కావు, ఖాళీ చేయించాల్సిందే. కానీ ఎక్కడికి అన్నది ముందే తేలకపోతే మరమ్మతు ముగిసిన మరునాడే వాళ్ళు మళ్ళీ అక్కడికే వస్తారు, ఎందుకంటే వరదలో మునగని నేల వాళ్ళకు అందుబాటులో ఉన్నది అదొక్కటే.

అందువల్ల మరమ్మతు అంచనాకు సాంకేతిక మంజూరు ఇచ్చే ముందు మూడు కాగితాలు జతపడాలని నిబంధన పెట్టాలి: గట్టు నడకలో గుర్తించిన దాటుచోట్ల పటం, వాటిలో వేటికి ర్యాంపు లేదా మెట్లు కడుతున్నారు, వేటిని ఎందుకు మూసేస్తున్నారు అన్న వివరణ, గట్టుకు అవతలి ఊళ్ళ నుంచి వచ్చిన విన్నపాలకు రాతపూర్వక జవాబు. వీటిని తెలుగులో, పని జరిగేచోట బోర్డు మీద పెట్టాలి. పని పూర్తయ్యాక మొదటి వర్షాకాలం ముగిసేదాకా కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన సొమ్ములో కొంత ఆపి, అదే ఊరివాళ్ళతో మరోసారి గట్టంతా నడిచాకే విడుదల చేయాలి. కొత్తగా కోసిన బాట ఒక్కటి కనిపించినా దాన్ని కోసినవాడి పేరు రాసుకునే ముందు, అక్కడ దారి ఎందుకు కట్టలేదో రాసుకోవాలి.