పేరులో ఒక అక్షరం

జూన్ నెలలో బడులు తెరిచినప్పుడు తండ్రి ఒక పూట పని మానుకొని పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకొని బడికి తీసుకువెళ్ళడం మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. పూర్వం ఆ పని పది నిమిషాల్లో అయిపోయేది. పంతులుగారు పెద్ద రిజిస్టరు తెరిచి పేరడిగేవారు. తండ్రి చెప్పింది తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకునేవారు. పుట్టిన తేదీ తెలియదంటే జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేవారు. రహమతుల్లా కాస్తా రైమతుల్లా అయినా, ఖదీజా కతీజా అయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ పంతులుగారికి పిల్లవాడు తెలుసు, ఇల్లు తెలుసు, దాదా ఏ సందులో కూర్చుంటాడో కూడా తెలుసు. రిజిస్టరులో అక్షరం తప్పినా మనిషి తప్పిపోయేవాడు కాదు.

ఇప్పుడు ఆ రిజిస్టరు కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. దేశంలోని ప్రతి బడీ తన వివరాలను యూడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఏటా ఎక్కించాలి. మొదట్లో తరగతికి ఎందరు పిల్లలున్నారన్న మొత్తం సంఖ్య ఇస్తే సరిపోయేది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒక్కొక్క విద్యార్థి వివరాలు పేరు పేరునా ఎక్కించవలసి వచ్చింది. 2023-24 లెక్కల ప్రకారం సుమారు 14 లక్షల 70 వేల బడులు, 24 కోట్ల 80 లక్షల మంది పిల్లలు అందులో ఉన్నారు. పిల్లవాడికి ఒక శాశ్వత విద్యా సంఖ్య వస్తుంది. ఊరు మారి బడి మారితే, పాత బడివారు కంప్యూటర్లో అతణ్ణి వదిలిపెడితేనే కొత్త బడివారు చేర్చుకోగలుగుతారు. 2023లో దీనికి తోడు అపార్ అనే 12 అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. పిల్లవాడి మార్కులు, సర్టిఫికెట్లు జీవితాంతం ఒకేచోట ఉంచడం దాని ఉద్దేశం. అది రావాలంటే బడిలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నవాటితో సరిపోవాలి.

సరిగ్గా ఇక్కడే మన ఇళ్ళకు చిక్కు వచ్చిపడుతోంది.

ముహమ్మద్ అన్న పేరు ఉర్దూలో రాస్తే ఒక్కటే తీరు. మీమ్, హే, మీమ్, దాల్. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ఎన్ని రకాలవుతుందో లెక్కపెట్టండి. మొదటి అక్షరం తరువాత ‘ఓ’ పెట్టేవారు కొందరు, ‘యు’ పెట్టేవారు కొందరు. చివర ‘ఈ’ ఒకరిది, ‘ఏ’ మరొకరిది. కుదించి రెండక్షరాలు రాసి చుక్క పెట్టేవారు ఇంకొందరు. తెలుగువారు దాన్ని ‘ఎండీ’ అని చదువుతారు కనుక డాక్టరు పట్టా అనుకునే ప్రమాదం కూడా ఉంది! షేక్‌కు మూడు నాలుగు రూపాలున్నాయి. సయ్యద్ సంగతీ అంతే. పఠాన్ మన కోస్తా జిల్లాల్లో పటాన్ అవుతాడు. ఆడపిల్లల పేర్ల చివర బేగం ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. ‘ఉన్నీసా’ను కొందరు కలిపి రాస్తారు, కొందరు విడదీస్తారు. పైగా ఇంటిపేరు ఏది, అసలు పేరు ఏది అని కంప్యూటర్ గడులు అడుగుతాయి. షేక్ కరీముల్లాలో షేక్ ముందుండాలా, వెనకుండాలా? ఆధార్ తీసినవారు ఒకలా అనుకున్నారు, బడి గుమాస్తా మరొకలా అనుకున్నాడు, బ్యాంకువారు ఇంకొకలా అనుకున్నారు. ముగ్గురూ తమకు తోచినట్టు రాశారు. ఒకే పిల్లవాడు మూడుచోట్ల ముగ్గురు మనుషులయ్యాడు.

పదో తరగతికి వచ్చేదాకా ఇది ఎవరికీ కనిపించదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టినప్పుడో, గురుకుల పాఠశాలలో సీటుకోసం ఆన్‌లైన్‌లో వివరాలు నింపినప్పుడో, ఎర్ర అక్షరాల్లో ‘సరిపోలలేదు’ అని వస్తుంది. ఆఖరి తేదీకి రెండు రోజులుంటుంది. తండ్రి ఆటో ఆపుకొని ఇంటర్నెట్ సెంటరుకు, అక్కడినుంచి ఆధార్ కేంద్రానికి, అక్కడినుంచి బడికి తిరుగుతాడు. ఓటీపీ వచ్చే నంబరు రెండేళ్ళ క్రితం పారేసిన సిమ్‌ది. తిరిగి తిరిగి అలసిపోయి, పోనీలే అనుకుంటాడు. పిల్ల చదువు ఆగకపోవచ్చు. కానీ ఆ పిల్లకు రావలసిన డబ్బు ఆగిపోయింది. దాన్ని ఆపింది చదువులో లోపం కాదు, ఒక అక్షరం.

ఇంత కచ్చితంగా అక్షరాలు సరిచూసే యంత్రం దొంగలను కూడా అంతే కచ్చితంగా పట్టుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. 2023 ఆగస్టులో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ బయటపెట్టిన సంగతి చూడండి. మైనారిటీ స్కాలర్‌షిప్పులు పొందుతున్న 1,572 విద్యాసంస్థలను పరిశీలిస్తే అందులో 830 బోగస్‌వని తేలింది. 2017-18 నుంచి 2021-22 వరకు ఐదేళ్ళలో ఆ సంస్థల ద్వారా 144 కోట్ల 83 లక్షల రూపాయలు పోయాయని లెక్కవేశారు. కేసు సీబీఐకి ఇచ్చారు. ఇదంతా పోర్టల్ ద్వారా జరిగిందే. లేని బడి, లేని పిల్లలు, అయినా ఏ గడిలోనూ తప్పు లేదు! కళ్ళతో చూసి ధ్రువీకరించవలసిన మనుషులు చూడకుండా ధ్రువీకరించారు. నిజమైన పిల్ల ఒక అక్షరం దగ్గర ఆగిపోయిన చోట పుట్టని పిల్లలు హాయిగా దాటిపోయారు. ఆ తరువాత కట్టుదిట్టాలు పెరిగినప్పుడు ఆ భారం మళ్ళీ ఎవరిమీద పడుతుంది? దొంగ కొత్త దారి వెతుక్కుంటాడు. ఆటో నడిపే తండ్రి ఇంకో రోజు కూలి పోగొట్టుకుంటాడు.

కంప్యూటర్లు వద్దని మేము అనడం లేదు. అలా అనేవారు మన సమాజంలో ఇంకా కొందరున్నారు, వారి మాట వింటే నష్టపోయేది మనమే. మార్కుల పత్రం పోగొట్టుకొని బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగినవారికి తెలుసు, అది ఒకచోట భద్రంగా ఉండడం ఎంత మేలో. పేర్లను జాగ్రత్తగా భద్రపరచడం మనకు కొత్త విద్య కూడా కాదు. ఒకే పేరుగల ఇద్దరు హదీసు ఉల్లేఖకులను వేరుచేయడానికి తండ్రి పేరు, తాత పేరు, తెగ, ఊరు, గురువు ఎవరన్నదంతా మన పూర్వపండితులు గ్రంథాలు గ్రంథాలుగా రాసి ఉంచారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) హదీసుల సంకలనకర్తగా అందరికీ తెలుసు. ఉల్లేఖకుల వివరాల మీద ఆయన ప్రత్యేకంగా ఒక పెద్ద గ్రంథం రచించారన్నది చాలామందికి తెలియదు. ఆ పండితులు అక్షరం ఒక్కటే చూసి మనిషిని తోసిపుచ్చలేదు, విచారించారు. ఆ విచారణే నేటి పోర్టల్‌లో కరువైంది.

కాబట్టి ప్రభుత్వాలు చేయవలసిన పని ఒకటుంది. పేరులో చిన్న తేడా ఉన్నప్పుడు, ఈ పిల్ల మా బడి పిల్లే, ఇద్దరూ ఒకరే అని ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి చెబితే దరఖాస్తు ముందుకు కదలాలి. తప్పుడు ధ్రువీకరణ చేసినవారిని శిక్షించండి, ఎవరూ కాదనరు. అంతేగాని ధ్రువీకరించే అధికారమే మనిషి చేతినుంచి తీసేస్తే ఎలా? ఈ విషయంలో చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదు. ఆధార్ చూపలేదన్న కారణంతో ఏ పిల్లకూ రావలసిన మేలు ఆపకూడదు. అపార్ కూడా స్వచ్ఛందమేనని, తల్లిదండ్రుల అంగీకారం కావాలని ప్రభుత్వమే చెప్పింది. అంగీకార పత్రాన్ని పిల్ల చేతికిచ్చి రేపటికల్లా సంతకం తెమ్మనే బడులు ఈ మాట కూడా చెప్పాలి.

ఇక మన వంతు. ఈ సమస్యలో సగం మన ఇంట్లోనే పుడుతోందని ఒప్పుకోవాలి. ఆస్పత్రిలో కాన్పు కాగానే పుట్టుక నమోదవుతుంది. అప్పటికి పేరు పెట్టి ఉండరు. అఖీఖా నాడు పేరు పెడతారు, ఆ పేరును పుట్టిన సర్టిఫికెట్‌లో ఎక్కించాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. నమోదైన ఏడాది లోపల వెళ్తే రుసుము లేకుండా పేరు చేరుస్తారు. ఆ తరువాత 15 ఏళ్ళ వరకు రుసుము కట్టి చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ తేదీన గాని తరువాత గాని పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ, స్థలం నిరూపించేది ఆ సర్టిఫికెట్టే. బడిలో చేర్చడానికీ అదే చూపించాలి. కనుక నానీ ఒకలా, దాదీ ఒకలా పిలుచుకోండి, ముద్దు పేర్లు ఎన్నయినా పెట్టుకోండి. కాగితం మీద మాత్రం ఒకే పేరు, ఒకే రకం అక్షరాలు ఉండాలి. ఆధార్, బడి, బ్యాంకు అన్నీ దాన్నిబట్టే నడవాలి.

ఇప్పటికే తేడాలున్నవారు తొందరపడి ఆధార్ కేంద్రానికి పరుగెత్తవద్దు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఎవరో చెప్పారని ఇవాళ ఒక అక్షరం, ఆరు నెలలకు మరో అక్షరం మార్చుకుంటే తరువాత దారి మూసుకుపోతుంది. అన్ని కాగితాలూ ఒకచోట పరిచి, ఏది మార్చడం తేలికో ముందు చూసుకోవాలి. పిల్ల చిన్న తరగతిలో ఉంటే బడి రికార్డు దిద్దడం సులువు. పదో తరగతి సర్టిఫికెట్ చేతికి వచ్చాక దిద్దించడం ఎంత కష్టమో అనుభవించినవారిని అడగండి. పిల్లకు ఐదేళ్ళు, పదిహేనేళ్ళు నిండినప్పుడు ఆధార్‌లో వేలిముద్రలు ఇవ్వాలి. ఎలాగూ వెళ్తారు గనుక ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు. ఆ నంబరు ఇంట్లోవారిదే అయివుండాలి. దరఖాస్తు నింపిపెట్టిన సెంటరు కుర్రవాడిది పెట్టించుకునేవారున్నారు. అతను ఊరు విడిచిపోతే ఆ ఓటీపీ ఎవరు చెబుతారు?

పాఠాల సంగతికి వస్తే అక్కడా కష్టం ఇలాంటిదే, రూపం వేరు. 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు దీక్షా పోర్టల్ మొదలైంది. పాఠ్యపుస్తకంలోని చిన్న నలుపు తెలుపు గడిని ఫోన్‌తో చూస్తే పాఠం వినిపిస్తుంది, మంచి సాధనమే. కరోనా కాలంలో తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీవీ ద్వారా, ఫోన్ల ద్వారా పాఠాలు నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. కరోనా పోయింది, బడులు తెరుచుకున్నాయి. కానీ ఇంటిపని, పరీక్ష తేదీలు, సెలవు కబుర్లు ఫోన్‌లో వాట్సాప్ గ్రూపులోనే మిగిలిపోయాయి. ఇంట్లో ఫోను ఒకటే ఉంటే అది పొద్దున్నే అబ్బాతో పనికి వెళ్ళిపోతుంది. రాత్రి తిరిగి వచ్చాక ముందు అన్న చేతికి చిక్కుతుంది. చెల్లెలికి దక్కేసరికి ఇంటిపని రాసే వేళ దాటిపోతుంది. ఆడపిల్ల చేతికి ఫోను ఎందుకని కొన్ని ఇళ్ళలో అసలు ఇవ్వరు. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసిపారేయము. కాని కొడుకుకు ఏ భయమూ లేకుండా ఇచ్చేవారు, కూతురికి అమ్మీ పక్కన కూర్చొని అరగంట చూసుకోవడానికి ఇస్తే వచ్చే నష్టమేమిటో చెప్పాలి.

బడివారికి ఒక మనవి. ఫోన్‌లో పంపినది బోర్డు మీద కూడా రాయండి. చదువురాని తల్లులున్న గ్రూపులో పొడవాటి ఇంగ్లీషు కబురుకన్నా ఇంటి భాషలో గొంతుతో చెప్పి పంపిన నాలుగు మాటలు ఎక్కువ పనిచేస్తాయి.

మొహల్లాలో డిగ్రీ చదివే పిల్లలకు ఈ పోర్టళ్ళన్నీ కొట్టిన పిండి. మస్జిదు కమిటీలు తలచుకుంటే దరఖాస్తుల రోజుల్లో జుమా నమాజు తరువాత ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి వారిని కూర్చోబెట్టవచ్చు. ఖర్చు టీ నీళ్ళకు మించదు. ఆడవారికోసం ఒక బడి గదిలో మరో బల్ల వేయాలి, ఎందుకంటే కాగితాలు దాచేది ఎక్కువగా తల్లులే. పదో తరగతి పిల్లల వివరాలను బోర్డుకు పంపేముందు ప్రధానోపాధ్యాయులు ఒక ప్రతి తీసి సంతకానికి ఇంటికి పంపుతారు. ఆ కాగితం వచ్చిననాడు దీపాలు పెట్టే వేళకు ఆధార్ కార్డు పక్కన పెట్టుకొని, పేరు ఒక్కో అక్షరం పిల్ల చేతే పైకి చదివించండి. సరిపోయిందని పిల్ల చెప్పాకే సంతకం పెట్టండి.