పిల్లలు నోరు విప్పితే తప్పా?

ప్రశ్న: మా వారు సైన్యంలో సుబేదారు. ప్రస్తుతం సరిహద్దులో ఉన్నారు. మేము సికింద్రాబాదు కంటోన్మెంటు క్వార్టర్లలో ఉంటున్నాం. అమ్మాయికి పదిహేనేళ్ళు, అబ్బాయికి పదమూడు. లైంగిక దాడుల గురించి క్వార్టర్ల పిల్లల చేతనే నాటిక వేయిస్తామనీ, మా పిల్లల్ని పంపమనీ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడుగుతున్నారు. ఈ వయసులో ఇవన్నీ తెలిస్తే పిల్లలు చెడిపోరా? ఏ పెద్ద ఆఫీసరుకో కోపం వస్తే మా వారి ఉద్యోగానికి ముప్పు రాదా?
- ఒక సోదరి, సికింద్రాబాదు

జవాబు: మీ బెదురు నాకు అర్థమైందమ్మా. అయినా ఇద్దరినీ పంపండి. తెలియడం వల్ల పిల్లలు చెడిపోరు. తెలియకపోవడం వల్లే మోసపోతారు.

కేంద్ర ప్రభుత్వం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని ప్రశ్నించారు. 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. వారిలో సగానికి పైగా మగపిల్లలే! ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే మీ అబ్బాయికీ ఇది అవసరం.

ఈ వయసు పిల్లలు అమ్మకు చెప్పలేనిది స్నేహితులకు చెబుతారు. విన్న స్నేహితుడికి ఏం చెయ్యాలో తెలియాలి. నాటికలో ఈ మూడు మాటలు పలికించండి: "నిన్ను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. పద, పెద్దవాళ్ళతో చెబుదాం." గుచ్చి గుచ్చి అడగకూడదు. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యకూడదు. తప్పు చేసినవాణ్ణి తామే నిలదీయబోకూడదు. నిజంగా జరిగిన సంఘటననీ, గుర్తుపట్టగల వివరాలనీ నాటికలో పెట్టకూడదు. బాధిత బాలల గుర్తింపు బయటపెట్టడం నేరం.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇటువంటి నేరం తెలిసిన పెద్దలు పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే శిక్ష ఉంది. పిల్లలకు ఆ శిక్ష లేదు. కనుక భారం మోయవలసినది మనమే. 1098కి ఫోను చేసినా సాయం అందుతుంది.

ఇక డాక్టరుగా ఒక మాట. దాడి జరిగితే వీలైనంత త్వరగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. పరీక్ష అయ్యేదాకా స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి; విడిచిన బట్టల్ని కాగితం సంచిలో ఉంచండి. స్నానం అయిపోయినా, రోజులు గడిచిపోయినా సరే, తీసుకెళ్ళడం మానకండి. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షించాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా చికిత్స ఉచితం. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామనడానికి వీల్లేదు.

ఆఫీసరు కోపం సంగతంటారా? 1950 సైనిక చట్టంలోని 70వ సెక్షను ప్రకారం, సైన్యానికి చెందని వ్యక్తిపై సైనికుడు అత్యాచారం చేస్తే, యుద్ధవిధులు, సరిహద్దు పోస్టుల వంటి మినహాయింపులు తప్ప, విచారణ మామూలు కోర్టుదే. కంటోన్మెంటు గేటు లోపల జరిగినా పోలీసు స్టేషనుకు వెళ్ళవచ్చు. క్వార్టర్ల పిల్లలకు సాధారణంగా ఉండే భయం, "నేను చెబితే నాన్న ఉద్యోగం పోతుందేమో" అని. ఆ భయాన్ని మీరే తీర్చాలి. నాటికకు పంపేముందు ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, "నాన్న ఉద్యోగం కన్నా, ఆ ఆఫీసరు హోదా కన్నా మాకు మీరే ముఖ్యం" అని చెప్పండి. ఉత్తరం రాసి, అదే మాట మీ వారి చేత కూడా చెప్పించండి.