ఎయిర్‌పోర్టు ఉద్యోగమా? ముందు సలాడ్ కలిపి చూడండి

ఆరాంఘర్ చౌరస్తాలో శంషాబాద్ బస్సు కోసం కాసేపు నిలబడితే చాలు, ఏ కరెంటు స్తంభం మీదో ‘ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు’ అన్న కాగితం కనబడుతుంది. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కి వచ్చినప్పటి నుంచీ ఈ దారికి ఈ ఆశ అంటుకుంది. డిగ్రీ కుర్రాళ్లని అడగండి, ఎయిర్‌పోర్టు ఉద్యోగమంటే టై కట్టుకుని కౌంటర్లో కూర్చోవడం, కాదంటే క్యాబిన్ క్రూ. విమానంలో ఇచ్చే చిన్న సలాడ్ గిన్నెను రాత్రి రెండింటికి లేచి ఎవరో నింపుతారన్న సంగతి తట్టదు.

నాకూ తట్టలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చివరి ఏడాదిలో ఒక ఫ్లైట్ కిచెన్‌లో ట్రేడ్ టెస్టుకి వెళ్లా. బిర్యానీ చేయమంటారనుకుని రాత్రంతా మసాలా కొలతలు బట్టీ పట్టా. తీరా ఇచ్చింది పాస్తా, ఆలివ్ నూనె, కీర, టమాటా, నిమ్మకాయలు, పార్స్లీ కట్ట. ‘మెడిటరేనియన్ సలాడ్, నలభై నిమిషాలు’ అన్నారు. ఓస్ ఇంతేనా అనుకున్నా. పాస్తా పొగలు కక్కుతుండగానే ఆకు చల్లి కలిపేశా. చెఫ్ రుచి కూడా చూడలేదు. వాడిపోయి రంగు మారిన ఆకుల్ని స్పూనుతో పక్కకి జరిపి, ‘ఇది ఎప్పుడు తింటారో తెలుసా?’ అనడిగాడు.

ఆ ప్రశ్నలోనే పనంతా ఉంది. ఇప్పుడు చేసింది కొన్ని గంటల తర్వాత, చల్లగా, గాల్లో తింటారు. అందుకే పాస్తా లోపల కాస్త గట్టిగా ఉండగానే దించాలి, వెంటనే చల్లార్చాలి, 5 డిగ్రీల లోపే ఉంచాలి. టమాటా గింజలు తీయకపోయినా, కీర ముక్కలకి ఉప్పు పట్టించి నీళ్లు వంపకపోయినా గిన్నె అడుగున చెరువే. మూడు వంతుల నూనెకి ఒక వంతు నిమ్మరసం. ఆకును కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, పదునైన కత్తితో తరిగి ఆఖర్న కలపాలి. మొద్దు కత్తి ఆకును కోయదు, నలిపేస్తుంది. ఉప్పు, పులుపు ఒక పిసరు ఎక్కువే ఉండాలి. చల్లటి తిండికి రుచి తక్కువ తెలుస్తుంది, పైగా క్యాబిన్ పొడిగాలిలో ముక్కు, నాలుక రెండూ మందగిస్తాయి.

ఈ పనికి వంటింట్లో ‘కోల్డ్ కిచెన్’ అని పేరు. మంట దగ్గర నిలబడేవాడే వంటవాడని మనవాళ్ల నమ్మకం. నేను ఒప్పుకోను. మంట మీద పొరపాటు జరిగితే ఇంకాస్త మసాలాతో కప్పిపుచ్చొచ్చు, సలాడ్‌లో దాక్కోవడానికి చోటు లేదు. రాత్రి షిఫ్టులుంటాయి, చలి గదిలో కాళ్లు పీకుతాయి, మొదటి జీతం చూసి ఇంట్లో పెదవి విరుస్తారు. అదీ నిజమే.

అందుకే, ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్న కాగితం చూసి వేలకి వేలు కట్టకముందే మీ రూములో ఒకసారి చేసి చూడండి. ఆలివ్ నూనె ఖరీదంటారా, పల్లీనూనె వాడండి. పార్స్లీ లేకపోతే పుదీనా, కొత్తిమీర. లెబనాన్ వాళ్ల తబూలేలో గోధుమ కన్నా ఆకే ఎక్కువ, కాబట్టి కట్టలు కట్టలు వేసినా తప్పు లేదు. వాళ్ల బుల్గర్ ముందే ఉడికించి ఎండబెట్టింది. మన గోధుమ రవ్వ పచ్చిది, నానబెడితే చాలదు, ఉడికించాల్సిందే. నన్నడిగితే కొర్రలే మేలు. దేశం మొత్తానికి చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఆరాంఘర్ పక్కన రాజేంద్రనగర్‌లోనే ఉంది మరి! కొర్రలు నానబెట్టి, పలుకుగా వండి, పళ్లెంలో పరిచి ఆరనివ్వండి.

రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నే మూత తీసి అడుగు చూడండి. నీళ్లు చేరాయా, మళ్లీ చేయండి. నాకు మూడోసారికి కుదిరింది.