“కొట్టలేదుగా!”

ఆడపిల్ల పుట్టింటికొచ్చి గోడు వెళ్లబోసుకోగానే పెద్దలడిగే మొదటి ప్రశ్న: “కొట్టాడా?” లేదంటే పంచాయితీ అక్కడితో సరి. “తాగడు, తిరగడు, చెయ్యెత్తడు. ఇంకేం కావాలే నీకు?” అని మర్నాటి బస్సెక్కిస్తారు. కొట్టాడని చెప్పినా పెద్ద తేడా ఉండదు. ప్రశ్న మారుతుంది, అంతే: “నువ్వేమన్నావు?”

ఇది మూర్ఖులైన నలుగురు పెద్దమనుషుల మాటే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం మహిళలు, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం ఆ కారణాల్లో కొన్ని. దెబ్బకే ఇంత సమర్థన దొరికే చోట, దెబ్బ లేని హింస ఎవరి కంటికి ఆనుతుంది?

చట్టం కంటికి ఆనింది. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే బాధనూ హింసగానే లెక్కగట్టింది. పిల్లలు లేరనో, మగపిల్లాణ్ణి కనలేదనో ఎత్తిపొడవడం కూడా అందులో ఉంది. మన ఇళ్లలో దాన్ని ‘అత్తగారి చాదస్తం’ అంటాం!

కాబట్టి అడగాల్సింది కొట్టాడా అని కాదు, భయపడుతున్నావా అని. నెలనెలా జీతం పడుతున్నా ఆమె ఏటీఎం కార్డు అతడి జేబులో ఉంటుంది. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ అతడి చెప్పుల చప్పుడు వినగానే కూర సంగతిలోకి మాట మారుస్తుంది. స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోతారు. డిపెండెంట్ వీసా మీద విదేశానికెళ్లిన అమ్మాయి పాస్‌పోర్టు ఎక్కడుందో ఆమెకే తెలియదు. వీటిలో ఏ ఒక్కటో ఎప్పుడో జరిగితే కోపతాపాలనుకోవచ్చు. రోజూ జరుగుతుంటే అది పెత్తనం. ఎదురు తిరిగిన రోజు ఆ పెత్తనం చెయ్యెత్తదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

“కేసు పెడితే కాపురం కూలుతుంది, పైగా ఈ చట్టాలన్నీ దుర్వినియోగమే” అనే వాదన ఒకటుంది. ఈ చట్టం చదవకుండా చేసే వాదన అది. విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోరుతూ మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇల్లు మామగారి పేరున ఉన్నంత మాత్రాన కోడలి నివాస హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది దాకా జైలు. తప్పుడు కేసులను తేల్చడానికి కోర్టులున్నాయి. ఆ పేరుతో నిజమైన బాధితురాలి నోరు నొక్కడానికి మనకేం హక్కుంది?

అయితే ఆవేశంలో గడప దాటమని చెప్పను. వదిలి వెళ్తున్నట్టు అతడికి తెలిసిన గడియే ఎక్కువ ప్రమాదం. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు నమ్మకస్తుల దగ్గర ముందే దాచాలి. అతడు ఫోన్ చూసే రకమైతే ఈ సంగతులు వేరే ఫోన్లోనే మాట్లాడాలి. ప్రాణం మీదికొస్తే 112. సలహాకు, సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకే చోట దొరుకుతాయి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది.

ఇక పక్కింటివాళ్లు, పిన్నులు, బాబాయిలు, సహోద్యోగులు “వాళ్లింటి గొడవ మనకెందుకు” అనడానికి వీల్లేదు. బాధితురాలే రావాలన్న నియమం లేదు. హింస జరుగుతోందని నమ్మేందుకు కారణం ఉన్న ఎవరైనా గృహహింస చట్టం కింద నియమితులైన రక్షణ అధికారికి తెలపవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ ఉండదని ఆ చట్టం నాలుగో సెక్షన్‌లోనే రాసి ఉంది.